అదే చెవి

మహిళా సంక్షేమ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: గృహహింస సర్వే నుండి మా అక్క తిన్న దెబ్బలను తొలగించుట, తద్వారా మా వీధి ఆశ్రయ గృహమును మూయబూనుట – ఆపుదల కోరుట గురించి.

పరిశోధన కేంద్రంలో సర్వే పని చేయు నేను తమకు విన్నవించుకొనునది:

1. ఇంటింటికీ తిరిగి జనం గోడు రాసుకొచ్చే మాబోటి వారికి ప్రోగ్రామింగు రావలెనని తమరే శిక్షణ పెట్టించితిరి. నేర్చుకొంటిని. ఒకే మనిషి, ఒకే ఇల్లు, ఒకే గాయం మళ్లీ కనబడినచో నకలుగా ఎంచి తీసివేయు ఆజ్ఞను మాస్టారు నేర్పిరి. దీనిని డేటా శుభ్రపరచుట అందురు.

2. మా అక్కది ఇస్త్రీ బండి. బావది కుడిచేతి వాటం. అక్క ఎదురు నిలబడి మాట్లాడే రకం. అందుచేత బెల్టు బకిలు ప్రతిసారీ ఎడమ చెవి మీదనే దిగును. చెవి చిట్లినది, కుట్లు వేసిరి. కుట్లు ఆరకముందే మళ్లీ చిట్లినది. ఒకనాడు జుట్టు పట్టి గోడకేసి మోదినాడు. అదే చెవి. కంప్యూటరులో మాత్రం ఒక్క దెబ్బ మిగిలినది. "నకళ్లు కావండీ, మళ్లీ మళ్లీ కొట్టాడండీ" అంటే, "మెషీనుకు నీ ఏడుపెందుకమ్మా? శుభ్రం చెయ్యి" అని మాస్టారు కసిరిరి.

3. ఇట్లు వీధి వీధంతా శుభ్రమైనది. హింస తగ్గినదని నివేదిక పుట్టినది. ఆశ్రయ గృహానికి తాళం వేయుటకు తమరు సంతకం చేసితిరి. ఇన్నాళ్లూ అక్క ప్రాణం అరచేత పట్టుకొని పరుగెత్తినది ఆ ఇంటికే.

4. నకళ్లు తీసివేయు ఆ ఆజ్ఞను చెరిపి, తేదీవారీగా ప్రతి దెబ్బా లెక్కకు వచ్చునట్లు ప్రోగ్రామును నేనే తిరగరాసి, ఫలితం జతచేసి అర్జీ పెట్టుకొంటిని. జవాబు లేక మళ్లీ పెట్టుకొంటిని. "అదే వ్యక్తి, అదే విషయం. నకలు అర్జీ తొలగించడమైనది" అని తమ కార్యాలయపు కంప్యూటరు జవాబు. ఒళ్లు మండిపోయిందండీ! ఏం చెయ్యమంటారు? ఈసారి ఇంకోచోట కొట్టు బావా అని కాళ్లు పట్టుకోమంటారా?

కావున తాళము ఆపించి, లెక్క తిరిగి తీయించవలసినదిగా వేడుకొనుచున్నాను. ఈ ఒక్క అర్జీనైనా నకలు అనక చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఇస్త్రీ బండి ఆమె చెల్లెలు

తా.క.: అర్జీ మడుస్తుండగా అక్క వచ్చిందండీ. ఆశ్రయ గృహానికే పరుగెత్తిందట. అప్పుడే తాళం వేసేశారు. తలుపు బాదుతుంటే వాడు వెనకనుంచి అందుకున్నాడు. "ఈసారి చెవి కాదే" అంటోంది. కుడి కన్ను. ఏమీ కనబడటం లేదట. ఇది కొత్త గాయమండీ, మీ కంప్యూటరు తీసుకుంటుంది. రాసుకోండి.