మూడో పిన్ను

కొంతమాన,
మే నెల 20, 2000.

ప్రియమైన ఎనిత్‌కి,

కొంతమాన రేవు నుంచి నీ అబ్నేర్ ప్రేమతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మన సైదా, మీ అమ్మా అందరం క్షేమంగా ఉన్నాం. మీ అన్న లిసార్దో మోకాలి నొప్పి కూడా తగ్గుముఖం పట్టింది. అక్కడ లీమాలో నువ్వూ, నీ పది వేళ్లూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం పోయిన శనివారం పడవలో అందింది. సైదా రెండుసార్లు పైకి చదివింది. మీ అమ్మ మూడోసారి కూడా చదివించుకుంది. లీమాలో చలిగా ఉందని రాశావు కదా, ఆవిడ ఆ మాట పట్టుకుని ఊరంతా ఉన్ని కోసం తిరిగింది. ఈ ఎండలో ఉన్ని ఎవడమ్ముతాడు? చివరికి నా దుప్పటి కత్తిరించి నీకు చొక్కా కుట్టబోతే అడ్డం పడ్డాను. ఇంటి కప్పు సంగతి అడిగావు. నది వైపున్న తాటాకు మొత్తం మార్పించాను, చుక్క కారడం లేదు. సైదా లెక్కల పరీక్ష గట్టెక్కింది. ఎన్ని మార్కులని మాత్రం అడక్కు.

ఇక గిటార్ గొంతు మార్చే నీ పెడళ్ల విషయం. ఆ కొత్త బృందంవాళ్లు నిన్ను మూణ్ణెల్లకి బేస్ గిటార్ వాయించడానికి పిలిచి, పెడళ్లన్నీ ఒకే పలక మీద బిగించుకుని రమ్మన్నారని రాశావు. నువ్వు పంపిన అయిదు పెడళ్ల జాబితా నా రేడియో రిపేరు కొట్టు గోడకి అంటించాను. రోజూ దాన్ని చూస్తుంటే నువ్వు బల్లకి అవతల నిలబడి, "ఏం డాక్టరుగారూ, ఇంకా తేల్చలేదా?" అంటున్నట్టే ఉంది.

ముందు కరెంటు. ఒకే అడాప్టరు నుంచి గొలుసులా తీగ లాగి అయిదింటికీ ఇచ్చే రకం కొనకు. అది అయిదు కాపురాలు ఒకే తడికె పంచుకోవడం లాంటిది, ఒక ఇంట్లో పోట్లాట అయిదిళ్లకీ వినిపిస్తుంది. నీ కోరస్ పెడల్ డిజిటల్ రకం కాబట్టి దాని కీచు మిగతా నాలుగింటిలోకీ పాకుతుంది. ఒక్కో పెడల్‌కీ వేరువేరుగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కరెంటు ఇచ్చే పెట్టెలు ఇప్పుడు వస్తున్నాయి. అదే తీసుకో. తీసుకునే ముందు వెనక్కి తిప్పి చూడు, నూటపది వోల్టులని ఉంటే అక్కడే పెట్టేసి రా. మనది రెండు వందల ఇరవై. ప్రతి పెడల్ అడుగునా దానికి ఎన్ని మిల్లీ ఆంపియర్లు కావాలో రాసి ఉంటుంది. పెట్టె అంతకన్నా కాస్త ఎక్కువే ఇవ్వగలగాలి. తక్కువైతే పెడల్ బాగానే ఉన్నట్టు నటించి, పాట మధ్యలో నీరసపడిపోతుంది. గరగరలాడే నీ పాత ఫజ్ పెడల్‌కి మాత్రం ప్లస్సూ మైనస్సూ తిరగబడి ఉంటాయి, దానికి బ్యాటరీయే వెయ్యి.

పెడళ్లలో కంప్రెసర్ తప్పకుండా ఉంచు. నువ్వు నాలుగో తీగని బాదుతావు, ఒకటో తీగని నిమురుతావు. ఇరవై ఏళ్లుగా చెబుతున్నా మారలేదు, ఇక ఆ హెచ్చుతగ్గుల్ని ఆ పెట్టే సర్దాలి. దాని వెనకే కింది స్థాయి స్వరం కలిపే ఆక్టేవ్ పెడల్ పెట్టు. ఫజ్ తర్వాత పెడితే నువ్వు ఏ స్వరం మీటావో దానికి తెలియక తడబడుతుంది. ఫజ్ అడుగు స్వరాన్ని తినేస్తుంది కాబట్టి దాన్ని ఒక్క పాటకే తొక్కు. కోరస్ చివర్లో పెట్టు. ఆ వా పెడల్ ఉందే, దాన్ని ఇచ్చినవాడికి ఇచ్చెయ్యి. కుంబియా డాన్సు పాటల్లో బేస్ గిటార్ నడవాలి, ఏడవకూడదు. ఏడిపించే పని ఎప్పుడూ మీ అన్న గిటార్‌దే.

ఈ మాట రాయగానే చెయ్యి ఆగిపోయింది. మీ అన్న వా పెడల్ గుర్తుందా? దాని బ్యాటరీ మన ఊళ్లో దొరక్కపోతే, టార్చిలైటు బ్యాటరీలు ఆరు వరసగా కలిపి, ఖాళీ సార్డీన్ చేపల డబ్బాలో పెట్టి టంకం వేసిచ్చాను. అతను వాయిస్తుంటే ఊళ్లో పిల్లులన్నీ వేదిక కిందకి చేరేవి. "బావా, పెడల్ నుంచి చేపల కంపు వస్తోంది," అని మీ అన్న మైకులో అంటే జనం విరగబడి నవ్వేవాళ్లు. మన బృందం పేరు కూడా చేప పేరే కదా, కరచామ. అంత గట్టి పెంకు ఉన్న చేప నదిలో ఇంకోటి లేదని మీ అన్నే పెట్టాడు.

నువ్వు మొదటిసారి నా కొట్టుకి వచ్చిన రోజు కూడా గుర్తొచ్చింది. ఆంప్లిఫయరు నెత్తిన పెట్టుకుని, బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చావు. "రేడియో డాక్టరుగారూ, రోగి బతుకుతాడా?" అన్నావు. "రోగి సంగతి తర్వాత, తెచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోవాలి," అన్నాను. "అయితే నీళ్లు మీరే తెండి," అన్నావు. తెచ్చాను. ఆ తర్వాత ఏడేళ్లు మీ వెనకాలే తీగలు మోశాను. పడవ కప్పు మీద స్పీకర్లు, కింద కోళ్ల బుట్టలు, మధ్యలో నీ ఒళ్లో బేస్ గిటార్. ఏ పల్లెలో దిగినా మధ్యాహ్నానికల్లా జనరేటరు మోగేది, నువ్వు మొదటి స్వరం మీటగానే ముసలివాళ్లు కూడా పీటల మీంచి లేచేవాళ్లు. అంతకన్నా మంచి రోజులు నా జీవితంలో లేవు ఎనిత్.

ఇప్పుడు నీ చివరి ప్రశ్న. అక్కడి హాల్లో ఎన్ని మార్చినా గుయ్యిమనే రొద పోవడం లేదనీ, ఆంప్లిఫయరు ప్లగ్గులో మూడో పిన్ను, అంటే ఎర్తు పిన్ను, కోసేస్తే క్షణంలో పోతుందని అక్కడి సౌండు అతను అంటున్నాడనీ, కోయించమంటావా అనీ అడిగావు.

వద్దు. వాణ్ని ప్లగ్గు ముట్టుకోనివ్వకు. రొద పోతుంది, వాడు చెప్పింది నిజమే. ఎందుకు నిజమో, ఎందుకు వద్దో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పదమూడేళ్లుగా నీకు చెప్పనిది ఇప్పుడు చెబుతున్నాను. నిలబడి చదువుతుంటే కూర్చో.

ఎనభై ఏడులో మీ అన్న కొత్త ఆంప్లిఫయరు కొన్నాడు కదా, మూడు పిన్నుల ప్లగ్గుతో వచ్చింది. మైకుల పెట్టెతో కలిపితే అచ్చం ఇలాంటి రొదే. రెండు వారాలు వెతికినా కారణం దొరకలేదు. "డాక్టరుకే జబ్బు చేసింది," అని మీరంతా ఏడిపించారు. నాకు పంతం పట్టింది. ఒక రోజు మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు రంపంతో మూడో పిన్ను కోసేశాను. రొద ఆగిపోయింది. మీరు చప్పట్లు కొట్టారు. నువ్వు అందరి ముందూ నా నుదుటి మీద ముద్దు పెట్టావు.

ఊరూరా మన వెంట వచ్చే జనరేటరు పెద్దాయన దోన్ ఒత్నియెల్‌ది. ఆయన పద్ధతి నీకు తెలుసు, ఏ ఊరు వెళ్లినా ముందు ఇనప కడ్డీ ఒకటి నేలలోకి దిగ్గొట్టి, దానికి నీళ్లు పోసి, ఎర్తు తీగ కట్టాకే ఇంజిను తిప్పేవాడు. ఒక రోజు ఆ ప్లగ్గు చూసి, "ఏమిటయ్యా అబ్నేర్, దీనికి మూడో పిన్ను లేదే?" అన్నాడు. "లీమా నుంచి అలాగే వచ్చిందండీ," అన్నాను. నమ్మాడు.

సాన్ హువాన్ పండగ మధ్యాహ్నం జరిగింది నువ్వూ చూశావు. వాన వెలిసింది, నేల తడి. జనం ఆకుల్లో కట్టిన అన్నం మూటలు, హువానేలు, విప్పుకుని తింటున్నారు. మీ అన్న ఎడమ చెయ్యి తీగల మీద పెట్టుకునే, పాట మొదలుపెట్టబోతూ కుడిచేత్తో మైకు పట్టుకున్నాడు. కరెంటు అతన్ని పట్టేసింది. ఎడమచెయ్యి తీగల మీద బిగుసుకుపోయింది, నోట్లోంచి మాట లేదు. నువ్వు అతని మీదకి దూకబోతే నేనే నీ నడుము పట్టి లాగాను. దోన్ ఒత్నియెల్ జారుతూ పరిగెత్తి ఇంజిను ఆపాడు. ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే మీ అన్న దక్కేవాడు కాదు. దక్కాడు కానీ ఎడమచేతి రెండు వేళ్లు కాలి, వంకర తిరిగి, మళ్లీ గిటార్ మీద నిలబడలేదు.

మర్నాడు పొద్దున ఆంప్లిఫయరు విప్పాను. తేమకి లోపలి తీగ తొడుగు పాడై, ఇనప పెట్టెకి తగిలింది, అక్కడి నుంచి కరెంటు గిటార్ తీగల్లోకి పాకింది. మూడో పిన్ను ఉండి ఉంటే ఆ కరెంటు కడ్డీ దారిన పోయి ఫ్యూజు ఎగిరిపోయేది, అంతే. మీ అన్నకి ఏమీ అయ్యేది కాదు. నేను చేసిన పని ఏమిటో తెలుసా? ఎవరూ చూడకముందే కొత్త మూడు పిన్నుల ప్లగ్గు బిగించాను. అప్పటికే రేవులో అందరూ "ఆ ముసలాడి పాత జనరేటరే చంపబోయింది" అంటున్నారు. నేను కాదనలేదు. ఆసుపత్రి వరండాలో నువ్వు నా మొహంలోకి చూసి, "నిజంగా జనరేటరేనా?" అని అడిగావు. "అవును," అన్నాను. ఆ తర్వాత ఏ పండక్కీ ఎవరూ దోన్ ఒత్నియెల్‌ని పిలవలేదు. ఆయన ఇంటి ముందు నుంచి వెళ్తూ మీ అన్న ఉమ్మేసేవాడు. ఏడాది తిరక్కుండానే ఆయన సామాను పడవకెత్తుకుని ఒరెల్యానా వైపు వెళ్లిపోయాడు.

ఇక్కడిదాకా రాసి వారం రోజులు ఆపేశాను. నీకు చెప్పి మీ అన్నకి చెప్పకపోవడం ఇంకో దొంగతనమనిపించింది. ఈ వారంలో జరిగింది కూడా రాస్తున్నాను.

మంగళవారం పొద్దున్నే రేవుకి వెళ్లాను. మీ అన్న తన మోటారు పడవ కడుగుతున్నాడు. నన్ను చూడగానే, "ఏం బావా, పెళ్లాం లేక ఇల్లు పట్టడం లేదా?" అన్నాడు. గట్టు మీదే నిలబడి అంతా చెప్పాను. అతను బకెట్టు పక్కన పెట్టి, ఎడమ చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు, అది ఇంకెవరిదో అన్నట్టు.

"ఇన్నాళ్లూ నా బల్ల దగ్గర తిన్నావు," అన్నాడు చివరికి.

"తిన్నాను."

"నా కూతురి జ్ఞానస్నానంలో తండ్రిగా నిలబడింది నువ్వే."

"నేనే."

"నేను ఉమ్మింది ఎవరి గుమ్మం ముందు, అబ్నేర్?" బావా అనలేదు. అతను తాడు విప్పాడు. "ఎక్కు," అన్నాడు.

ఒరెల్యానా చేరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. దారిలో మీ అన్న తను తెచ్చుకున్న అరటికాయ ముద్దల్లో సగం నా వైపు తోశాడు. దోన్ ఒత్నియెల్ బాగా ముసలివాడయ్యాడు, చెవులు సరిగ్గా వినపడవు. అందుకని నా తప్పు గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. చుట్టుపక్కల వాకిళ్లలోకి జనం వచ్చి నిలబడ్డారు. ఒక రకంగా అదే సరైందేమో.

ఆయన అంతా విన్నాడు. కోప్పడతాడని చూశాను. ఆయన మాత్రం, "ఆ రోజు ఇంజిను ఆపింది నేనే. ఆ మాట అక్కడ ఎవరైనా ఎప్పుడైనా అన్నారా?" అని అడిగాడు.

అక్కడ ఎవరూ ఎప్పుడూ అనలేదు. మీ అన్న లేచి, వంకర తిరిగిన ఆ ఎడమచేత్తోనే ముసలాయన చెయ్యి పట్టుకుని, "ఇకనుంచి నేనంటాను, తాతా. ప్రతి రేవులో అంటాను," అన్నాడు. ఇద్దరూ ఏడ్చారు. నేను దూరంగా నిలబడ్డాను. వాళ్ల పక్కన నిలబడే హక్కు నాకుందనిపించలేదు.

తిరిగొచ్చాక రేవులో దిగుతుంటే మీ అన్న ఒకే మాటన్నాడు. "రేపటి నుంచి నాతో మాట్లాడకు. ఎల్లుండి సంగతి ఎల్లుండి చూద్దాం. మా చెల్లికి నువ్వే రాయి, నా చేత రాయించకు."

అందుకే రాస్తున్నాను. ఈ సాన్ హువాన్ పండక్కి మీ అన్న దోన్ ఒత్నియెల్‌ని తీసుకొస్తాడట, వేదిక మీద కూర్చోబెడతాడట. పండగ కమిటీవాళ్లకి అసలు సంగతి నేనే వెళ్లి చెప్పాను. కొందరు నా కొట్టుకి రావడం మానేశారు. మానెయ్యనీ. సైదాకి కూడా చెప్పాను. రెండు రోజులు నా మొహం చూడలేదు, ఇవాళ వచ్చి పక్కన కూర్చుంది. మీ అమ్మకి చెప్పే ధైర్యం మాత్రం ఇంకా కూడగట్టుకుంటున్నాను.

ఆ సౌండు అతను రొద గురించి పట్టుబడితే, ఆంప్లిఫయరునీ మైకుల పెట్టెనీ ఒకే సాకెట్ల పలక నుంచి తీసుకోమను, రెండింటినీ కలిపే తీగలో రొదని ఆపే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టమను. అప్పటికీ పోకపోతే రొదతోనే వాయించు. దానివల్ల ఎవరి ప్రాణం మీదకీ రాదు. వాడు పిన్ను కోస్తానంటే గిటార్ సంచిలో పెట్టుకుని బయటికి వచ్చెయ్యి.

ఎనిత్, నా నుదుటి మీద నువ్వు పెట్టిన ఆ ముద్దు నాది కాదు. నువ్వు దాన్ని తిరిగి తీసుకుంటానన్నా కాదనే హక్కు నాకు లేదు. ఈ ఇంటికి రావాలా, మీ అన్న ఇంటికి వెళ్లాలా అన్నది నీ ఇష్టం. ఎక్కడికి వస్తానన్నా నీ స్పీకర్లు మోయడానికి రేవులో ఉంటాను. మోయొద్దంటే గట్టు మీదే ఆగిపోతాను.

ఇట్లు,
నిన్ను ఇప్పటికీ భార్యా అని పిలవొచ్చో లేదో తెలియని
నీ భర్త,
అబ్నేర్