చెన్నై ఎయిర్‌పోర్టులో మెట్రో ఉంది

స్తుతీ,

నిన్న సాయంత్రం నేను చెప్పినట్టు చేయకు. చెన్నై ఎయిర్‌పోర్టులోనే మెట్రో ఉంది. బయటికి రాగానే బోర్డులు చూస్తూ నడువు. సెంట్రల్ స్టేషన్ దాకా ఒకటే రైలు, మారే పని లేదు. హాస్టల్ వాళ్లు అక్కడికే వస్తామన్నారు కదా. టాక్సీ వాళ్లు చుట్టుముడితే వద్దని చెప్పి ముందుకు పో.

"అక్కా, విమానం దిగినంక ఊర్లోకి ఎట్ల పోవాలె?" అని నువ్వు అడిగితే, "మెట్రో గిట్ల ఏం లేదు, టాక్సీనే. వాళ్లు ఎటు తీస్కపోతరో తెల్వదు" అన్నాను. అది అబద్ధం. నిరుడు ఇదే నర్సు ఉద్యోగం ఇంటర్వ్యూకు నేను మెట్రోలోనే వెళ్లాను. నన్ను తీసుకోలేదు. నిన్ను తీసుకున్నారు.

అమ్మ భయపడి "అయితే వద్దులే బిడ్డా, భద్రాచలంలనే ఏదన్న చూస్కుందువు" అన్నది. నువ్వు ఏడుస్తూ బ్యాగులోంచి బట్టలు తీసేశావు. నేను చూస్తూ అన్నం తిన్నాను. లోపల హాయిగా ఉండింది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

పొద్దున్నే లేచి బట్టలన్నీ మళ్లీ సర్దాను. అమ్మకు నిజం చెప్పాను, తిట్టింది. పది గంటల హైదరాబాద్ బస్సుకు నిన్ను తనే ఎక్కిస్తుంది. నాకు పినపాకలో డ్యూటీ ఉంది. లేకపోయినా బస్టాండుకు రాలేకపోయేదాన్ని.

ఎస్తేరక్క

చేరగానే ఫోన్ చెయ్. చేరానని మాత్రం చెప్పు. ఆ హాస్పిటల్ ఎంత పెద్దదో ఒక నెల దాకా నాకు చెప్పకు.