మామయ్య తాగిన ఎలుకల మందు

మేనకోడలికి ఆశీస్సులు.

ఫోన్‌లో నువ్వు గొంతు చించుకున్నా నాకు వినపడదు కాబట్టి రాస్తున్నాను. జిమ్ నడిపే మా తమ్ముడు, అదే మీ చిన్న మామయ్య, నా పుట్టినరోజుకి ఓ సీసా ఇచ్చాడు. ఒంట్లో ప్రతి కణానికీ మైటోకాండ్రియా అనే పొయ్యి ఉంటుందట. వయసు మీద పడేకొద్దీ మంట తగ్గుతుందట. ఈ సీసాలోని పెప్టైడ్ అనే మందు దాన్ని ఎగదోస్తుందట. నువ్వు ల్యాబ్‌లో చేసేది ఇదే కదా? పుచ్చుకోనా?

ఇట్లు,
ఆరిపోతున్న పొయ్యి, మీ మామయ్య

తా.క. అత్తయ్యకి చెప్పకు. ఆవిడ పొయ్యి ఇప్పటికే భగభగ మండుతోంది.

*

మామయ్యకి నమస్కారాలు.

ముట్టుకోవద్దు! మేం చేసేది ఆ పనే గానీ, అదింకా ఎలుకల మందే. మనుషులకిస్తే ఏమవుతుందో మాకే తెలీదు. పైగా ఆ సీసాలో అసలేం పోశారో! ఇప్పటికే తీసుకుని ఉంటే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

కంగారుతో,
మీ మేనకోడలు

తా.క. మా ముసలి ఎలుకలు చురుగ్గానే ఉన్నాయి. కానీ వాటికి బీపీ, షుగరు, మీ మొండితనం లేవు.

*

అమ్మాయీ,

ఎలుకల మందా! వాడు సూదితో పొడుచుకోమన్నాడు గానీ, సూదంటే భయమేసి, సగం సీసా నిన్ననే పాలల్లో కలుపుకుని తాగేశాను. చిన్నప్పుడు వీపున మోసిన తమ్ముడు నన్ను ఎలుకని చంపినట్టు చంపాలనుకున్నాడు! మొన్న జిమ్‌లో అందరి ముందూ వాడి బొజ్జ మీద జోకేశాను. ఆమాత్రానికే ప్రాణం తీస్తారా? అత్తయ్య ఏడుస్తూ ఆటో పిలిచింది. మిగతా సగం సాక్ష్యంగా పట్టుకెళ్తున్నాం.

బహుశా చివరిసారిగా,
మామయ్య

తా.క. నేను పోతే, ఏడవడానికి వాణ్ణి రానివ్వకండి. వాడు ఏడిస్తే నాకూ ఏడుపొస్తుంది.

*

అయ్యో మామయ్యా!

ఎలుకల్ని చంపే మందు కాదు, ఎలుకల మీద పరీక్షిస్తున్న మందు! చిన్న మామయ్య ఏ పాపం ఎరగడు. ఆయన్నేమీ అనకండి. అత్తయ్య ఫోన్ ఎత్తడం లేదు, అందుకే కొరియర్లో పంపుతున్నాను.

తల బాదుకుంటూ,
మీ మేనకోడలు

తా.క. తప్పు నాదే. ఇక జన్మలో పొదుపుగా రాయను.

*

అమ్మాయీ,

నీ ఉత్తరం వచ్చేసరికే జరగాల్సింది జరిగిపోయింది. కబురు తెలిసి తమ్ముడు ఆస్పత్రికి పరిగెత్తుకొచ్చాడు. "వీడే విషం పెట్టాడు!" అని వార్డంతా వినపడేలా అరిచాను. వాడి మొహం పాలిపోయింది.

"నేనా అన్నయ్యా? నీకా?"

అత్తయ్య చేతిలో సీసా లాక్కున్నాడు. ట్రేలో ఉన్న సిరంజి తీసి, మిగిలిందంతా తొడలో పొడుచుకున్నాడు. "విషమైతే ఇద్దరం కలిసే పోదాం!"

చూస్తుండగానే వాడి ఒళ్ళంతా దద్దుర్లు. ఊపిరాడలేదు. నేను మంచం దిగి, సెలైన్ స్టాండు ఈడ్చుకుంటూ, డాక్టర్ కోసం పరిగెత్తాను. విషం కాదు, మందు పడక ఎలర్జీ అట. సమయానికి ఇంజెక్షన్ పడింది, బతికాడు. పెప్టైడ్ అంటే ఓ రకం మాంసకృత్తేనట, నేను తాగింది మాత్రం కడుపులో గుడ్డు అరిగినట్టు అరిగిపోయిందట.

ఇప్పుడు పక్క మంచం మీదే ఉన్నాడు. నా చెయ్యి వదలడం లేదు. ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు చూసి నవ్వకు.

ఇట్లు,
సిగ్గుతో చితికిపోయిన మామయ్య

తా.క. ఇది వాడికి చదివి వినిపించాను. వాచిన మొహంతోనే నవ్వాడు. "ఈ వయసులో అంత పరుగు తీశావంటే, మందు పనిచేసినట్టేగా అన్నయ్యా!" అన్నాడు.