అమ్మ పేరు కట్టిన ఎర్ర పువ్వు

నాన్నా,

ఈ దేశంలో మేముండే క్రాన్‌బర్న్ ఊరి లైబ్రరీలో ఆడవాళ్ళమంతా ఎర్ర ఊలుతో పాపీ పువ్వులు అల్లుతున్నాం. యుద్ధానికి వెళ్ళినవాళ్ళ జ్ఞాపకంగా, ఒక్కో పువ్వుకి ఒక్కో పేరు చీటీ మీద రాసి కడతారు.

"మీ ఫాదర్ ఆర్మీ కదా ఆంటీ, ఆయన పేరు రాసేయండి," అంది పక్కనున్న లావణ్య.

"రాయను."

"అదేంటాంటీ, హీరో కదా!"

సరిహద్దు నుంచి నువ్వు చిన్న గాయమైనా లేకుండా వచ్చేవాడివి. ఇంట్లో దెబ్బలు అమ్మకి. నువ్వు తాగి వచ్చిన చప్పుడు కాగానే నా చేతిలో క్రోషియా సూది పెట్టి, "ఇది పూర్తయ్యేదాకా లోపలికి రాకమ్మా" అని పెరటి తలుపు వేసేది. ఈ అల్లిక నాకు అలా వచ్చింది. దీన్ని నీకెందుకిస్తాను?

చీటీ మీద అమ్మ పేరు రాశాను.

"ఇవి సోల్జర్స్‌కి కదాంటీ," అంది లావణ్య.

తెలుసన్నాను. ఊడిపోకుండా ఇంకో ముడి వేశాను.