క్యాలిపర్ కింద, నేను పైన

మే 12, 1985, ఆదివారం

నూజివీడులో ఎగ్జిబిషన్ చూసి ఆఖరి బస్సుకు ఆగిరిపల్లి తిరిగొచ్చాం. మా ఆయన నిద్రపోయారు. నాకు నిద్ర పట్టడం లేదు.

జెయింట్ వీల్ తిప్పే ముసలాయన నా పోలియో కాలు చూసి, "చక్రం పూర్తిగా ఆపి ఎక్కిస్తానమ్మా. కానీ కాలికున్న ఆ ఇనప కడ్డీల బూటు తీసెయ్యాలి. తొట్టిలో ఇరుక్కుంటే ప్రమాదం" అన్నాడు.

వెనక వరసలో నేను పాఠాలు చెప్పే పిల్లల తల్లిదండ్రులున్నారు. "వద్దులే, ఇంటికెళ్దాం" అన్నారు ఈయన. ఆ మాటకే నాకు పంతం వచ్చింది. టిక్కెట్లిచ్చే ఆవిడ దుప్పటి తెచ్చి అడ్డం పట్టుకుంది. పట్టీలు విప్పి ఆ కడ్డీల బూటు, నా క్యాలిపర్, పక్కన పెట్టాను. ఆవిడా ఈయనా చెరో చెయ్యి పట్టి నన్ను కూర్చోబెట్టారు. ఈయన నా పక్కన కూర్చున్నారు.

పైకి వెళ్లాక, "అదిగో, రెడ్డిగూడెం వైపు తోటలు" అని చూపించారు. నేను అటు చూడనే లేదు. కింద జనం కాళ్ల మధ్య పడి ఉన్న క్యాలిపర్‌నే చూస్తూ కూర్చున్నాను. ఎవరైనా దాన్ని పట్టుకుపోతే ఇంటికెలా నడుస్తాను? ఎన్ని చుట్లు తిరిగామో కూడా తెలియలేదు.

దిగాక "ఎలా ఉంది?" అని అడిగారు. "బాగుందండీ" అని అబద్ధం చెప్పాను.

ఎగ్జిబిషన్ ఇంకా రెండు రోజులుంటుందట. ఈసారి నా పక్కన టిక్కెట్లావిడను కూర్చోమనాలి. క్యాలిపర్ పట్టుకుని ఈయన కింద నిలబడితే చాలు, నేను తోటలన్నీ చూస్తాను. నొచ్చుకోకుండా ఆ మాట ఈయనతో ఎలా అనాలో...