గేర్‌బాక్సు, అత్తయ్య మణికట్టు

మార్చి 3, సోమవారం

కారు చచ్చింది. పూర్తిగా కాదు. మూడో గేరు నిలవడం లేదు. వేయగానే గుర్రుమని బయటికి తన్నేస్తోంది. ఇవాళ ఫ్లైఓవర్ మీద నా వెనకున్న లారీ డ్రైవరు నా ఏడు తరాలనూ తలుచుకున్నాడు.

మెకానిక్ రోడ్డు పక్కకే వచ్చి చూశాడు. మేమంతా అతన్ని నిదానం అంటాం. ఏం అడిగినా ముందు ఆ మాటే అంటాడు మరి. కింద దూరి, గేర్‌బాక్సు నూనె వేలికి రాసుకొచ్చి చూపించాడు. అందులో ఇత్తడి పొడి మెరుస్తోంది. లోపల అరిగిపోయింది, రిపేరు దండగ, మొత్తం మార్చాల్సిందే అన్నాడు. వేరే కారులోంచి తీసిన మంచి బాక్సు ఒకటి తెప్పిస్తానన్నాడు. బిగించడానికి మాత్రం మూడు వారాలు ఆగాలట. షెడ్డు నిండా బళ్లే.

మూడు వారాలు! నేను ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేసే మనిషిని. రోజుకి ఆరిళ్లు. బస్సుల మీద తిరిగితే మూడు కూడా కావు.

మార్చి 4, మంగళవారం

పొద్దున కాఫీ తాగుతూ అత్తయ్య అంది, మనమే మార్చేద్దాం అని. పాలు అయిపోయాయి అన్నంత మామూలుగా.

మా ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఆయన నవ్వు మింగేసి, అమ్మా, నన్ను మాత్రం అడకత్తెరలో పోకచెక్కని చెయ్యకు అని డ్యూటీకి జారుకున్నాడు.

ఆవిడ నూలు మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు ఫిట్టరు. ఆ పనిలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి. రిటైరై ఆరేళ్లయినా ఇంట్లో ఏ తలుపూ కిర్రుమనదు. అయినా కారు కారే కదా అత్తయ్యా అన్నాను. గేరుకి అది నూలు మిల్లో నీ కారో తెలీదమ్మాయ్, పన్నుకి పన్ను అందితే చాలు అంది.

మార్చి 6, గురువారం

మా ఆయన ఆఫీసులో మాన్యువల్ మొత్తం ప్రింటు తీసి తెచ్చాడు. నోటితో వద్దంటాడు, చేత్తో మోసుకొస్తాడు.

ఆవిడ భూతద్దం పెట్టుకుని చదువుతోంది. చేతనైన పనికి నీలం గీత, కానిదానికి ఎర్ర గీత. నన్ను పిలిచి ఇంగ్లిషు మాటలు అడుగుతుంది. నాకు మాట తెలుసు, వస్తువు తెలీదు. ఆవిడకు వస్తువు తెలుసు, మాట తెలీదు. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్.

నలభై పేజీలు నీలమే. ఒక్క చోట ఎరుపు. బరువు: ముప్పై ఎనిమిది కిలోలు.

మార్చి 8, శనివారం

కారు పెరట్లో నాలుగు స్టాండ్ల మీద నిలబడింది. దాని కింద అరవై ఆరేళ్ల అత్తయ్య.

అట్టపెట్టె చింపి, దాని మీద గేర్‌బాక్సు బొమ్మ గీసింది. విప్పిన ప్రతి బోల్టునూ ఆ బొమ్మలో దాని చోటునే గుచ్చుతోంది. ఏదీ తారుమారయ్యే వీలు లేదు. బ్యాటరీ, కేబుళ్లు, గేరు రాడ్డు, చక్రాల షాఫ్టులు అన్నీ ఊడాయి. ఒక బోల్టు మొండికేస్తే దాన్ని తిట్టలేదు, కొట్టలేదు. నూనె వేసి, నువ్వు నానుతూ ఉండు అని వదిలేసి భోజనానికి వచ్చింది. తిరిగి వెళ్లేసరికి అది బుద్ధిగా తిరిగింది.

ఇంత ఓపిక నా పేషెంట్ల మీద నాకుందా?

ఇక అసలు సంగతి. రెండేళ్ల క్రితం మెట్ల మీద జారి ఆవిడ కుడి మణికట్టు విరిగింది. దాన్ని బాగుచేసింది నేనే. ఆ పట్టు మళ్లీ ఎంతవరకు వచ్చిందో నాకు తెలుసు. బరువు జాకీ మోస్తుంది, నిజమే. కానీ వెల్లకిలా పడుకుని, పైకి చేతులు చాచి, ఆ బాక్సును ఇటు తిప్పి అటు వంచి దారిలో పెట్టాల్సింది మనిషే. మధ్యలో పట్టు జారితే కింద ఉండేది ఆవిడ ఛాతీ.

మార్చి 9, ఆదివారం

చెప్పాలి. చెప్పలేదు.

మార్చి 10, సోమవారం

మోకాలి మార్పిడి చేయించుకున్న బస్సు కండక్టరు ఇంటికి వారం తర్వాత వెళ్లగలిగాను. తొంభై డిగ్రీలు వంగిన కాలు డెబ్బై దగ్గర బిగుసుకుపోయింది. సారీ అంటే, పర్లేదమ్మా, బస్సు లేటవడం నాకు తెలీని విషయమా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. వంచుతుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

బస్సులో వస్తూ అనుకున్నాను. అత్తయ్య ఎలాగోలా చేసేస్తే బాగుండు అని. ఆవిడ మణికట్టు సంగతి తెలిసీ అనుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మార్చి 11, మంగళవారం. ఉదయం 6

వంటింటి నేల మీద అత్తయ్య వెల్లకిలా పడుకుని ఉంది. పడిపోయిందనుకున్నాను. చూస్తే, రెండు చేతులతో ఇరవై లీటర్ల నీళ్ల క్యాను పైకెత్తి పట్టుకుంది. పెదాలు లెక్కపెడుతున్నాయి. కుడి చెయ్యి గజగజ వణుకుతోంది. నేను ఉరికి పట్టుకున్నాను.

ఆవిడ లేచి గోడకు ఆనుకుంది. నలభై కూడా లెక్కపెట్టలేకపోయానమ్మాయ్, పని తలకి వచ్చు, చేతికి రాదు, నిదానానికి ఫోను చేద్దాం అంది. అంతే. మొహం చిన్నబోలేదు, కోపం లేదు. కొలిచింది, చాలలేదు.

తర్వాత నా వైపు తిరిగింది. నీకు ముందే తెలుసు కదా అంది. తెలుసన్నాను. ఎందుకు చెప్పలేదంది. మీరు బాధపడతారని అన్నాను.

అప్పుడొచ్చింది కోపం. చెయ్యి నాది, చదువు నీది. నాకు తెలీంది నువ్వు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? మర్యాదకి పోయి మనిషిని బండి కింద పడుకోబెడతావా? అంది.

ఇన్నేళ్లలో ఆవిడ నన్ను తిట్టింది ఇదే మొదలు. ఎంత న్యాయంగా తిట్టింది!

మార్చి 12, బుధవారం

సాయంత్రం నిదానం వచ్చాడు. ఇంత పని మీరే చేశారంటే నమ్మలేదు పెద్దమ్మా, చూసి పోదామని వచ్చా అన్నాడు.

కారు కింద చూడలేదు ముందు. అట్ట ముందు గొంతుకూర్చుని ఒక్కో బోల్టునూ చూశాడు. ఇరవై ఏళ్ల నుంచి అన్నీ ఒకే డబ్బాలో పడేస్తున్నానమ్మా, బిగించేటప్పుడు వెతుక్కోవడానికే పూట పోతుంది అన్నాడు. సగం పైన పని అయిపోయింది కాబట్టి ఆదివారం తన సెలవు మాకిస్తానన్నాడు. అత్తయ్య ఒక షరతు పెట్టింది. తను పక్కనే ఉంటుందట. మీరు లేకపోతే నేను రాను అన్నాడతను.

మార్చి 16, ఆదివారం

పొద్దున పాతది దించారు. ఆ మనిషి చేతులు చూడాలి! అంత ఇనుమునూ నిద్రపోతున్న పసిబిడ్డను మంచం మార్చినట్టు దించాడు. నేను చేసే పని కూడా అదే కదా, బరువును నొప్పి తెలియకుండా కదపడం. ఇంత బాగా నేను చేయను.

మధ్యాహ్నం తను తెప్పించిన బాక్సు ఎక్కించాడు. ఇంజనుకు ఆనింది కానీ అర అంగుళం సందు మిగిలింది. బోల్టులతో లాగేస్తే కూర్చుంటుంది అంటూ పానా తిప్పబోయాడు.

అత్తయ్య అతని చేతి మీద చెయ్యి వేసింది. ఆగు బాబూ. ఇంజన్నీ బాక్సునీ వరసలో నిలబెట్టే పిన్ను ఉంటుంది కదా. పాత బాక్సులో ఆ చిల్లు ఖాళీ, పిన్ను ఇంజన్లోనే ఉండిపోయింది. ఈ బాక్సు తన పిన్నుతో వచ్చినట్టుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు అంది.

అతను టార్చి వేసి చూశాడు. చాలాసేపు చూశాడు. మళ్లీ దించి, వచ్చిన బాక్సులోంచి వేలి కణుపంత పిన్ను పీకి ఆవిడ అరచేతిలో పెట్టాడు. లాగి ఉంటే బాక్సుకి బోల్టు పట్టే చెవి విరిగేది, దింపేటప్పుడే చూడాల్సింది, తప్పు నాదే అన్నాడు. ఇద్దరు ఆడవాళ్లు చూస్తుండగా, గొంతు తగ్గించకుండా, సాకు చెప్పకుండా అన్నాడు. అలా అనగలిగినవాళ్లను నేను ఆసుపత్రుల్లో కూడా ఎక్కువమందిని చూడలేదు.

ఈసారి ఎక్కించగానే టక్కున కూర్చుంది. అట్ట మీంచి అత్తయ్య ఒక్కో బోల్టూ అందించింది. కారు స్టార్టవగానే ఆవిడ బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంది.

మార్చి 17, సోమవారం

ఆరిళ్లు. కండక్టరు కాలు డెబ్బై ఎనిమిది.

మార్చి 30, ఆదివారం. ఉదయం 7

ఇది ఆటస్థలం గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. అత్తయ్య కారు నడుపుతోంది. జీవితంలో మొదటిసారి. మిల్లులో అన్నేళ్లు బాగుచేసిన యంత్రాలేవీ ఉన్న చోటునుంచి కదలలేదట. కదిలేదాన్ని ఒకటి పట్టుకుంటానని నిన్న తనే అడిగింది.

ఒక్క చుట్టు చాలన్నాను. ఏడోది తిరుగుతోంది. చెయ్యి ఊపి ఆగమన్నాను. ఆవిడ కూడా చెయ్యి ఊపింది.