ర్యాంపు ఉందా, లేదా?

గిహోన్, మార్చి 4

మాలగాలోని లూకే వ్యాన్ల యజమాని గారికి నమస్కారాలు.

నా పేరు ఒబ్దులియా కాసో. ముప్పై ఎనిమిదేళ్ళు బళ్ళో భూగోళం చెప్పి రిటైరయ్యాను. ప్రపంచంలోని రేవులన్నీ పిల్లల చేత బట్టీ పట్టించాను గానీ నేను మాత్రం ఇంతవరకు ఓడెక్కలేదు. మే 14న మీ ఊరి నుంచి బయల్దేరే ఓడలో తొమ్మిది రోజుల యాత్రకు టికెట్టు కొన్నాను. ఆ రోజు నా విమానం పన్నెండున్నరకు దిగుతుంది. ఓడ ఐదింటికి కదులుతుంది. మధ్యలో ఉన్న పది కిలోమీటర్లే నా బాధ.

నాది బ్యాటరీతో నడిచే చక్రాల కుర్చీ. మడత పడదు. నూట పద్దెనిమిది కిలోలు. అందులోంచి దిగకుండానే నేను వ్యాన్లోకి ఎక్కాలి. అంటే వ్యానుకి ర్యాంపు ఉండాలి, లోపల కుర్చీని కదలకుండా కట్టే కొక్కేలుండాలి. మీ దగ్గర ఉన్నాయా, లేవా? ఒక్క ముక్క రాయండి చాలు.

ఇట్లు,
ఒబ్దులియా కాసో

తా.క.: ఈ పది కిలోమీటర్లు నేను సొంతంగా దాటలేనని మా అన్నయ్య హెర్మీనియో పంతం పట్టాడు. దాటలేకపోతే ఇక జన్మలో ఒంటరి ప్రయాణం మాటెత్తనని నా చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు. కోపంలో వేసేశాను. అందుకని జవాబు త్వరగా రాయండి.

మాలగా, మార్చి 12

గౌరవనీయులైన ఒబ్దులియా గారికి కసిమీరో లూకే నమస్కరించి రాయునది.

మీరు సరైన ఇంటి తలుపే తట్టారు. ఇక నిశ్చింతగా ఉండండి. ర్యాంపు గీంపు ఎందుకండీ, మనుషులుండగా? నేను మా పేట మరియమాత సంఘం సభ్యుణ్ణి. ఈస్టరు ముందటి పవిత్ర వారంలో అమ్మవారి సింహాసనం మా భుజాల మీదే ఊరేగుతుంది. మూడు టన్నులు! ఫ్రాస్కితో అని మా మోతగాళ్ళ పెద్ద, ఆయన గంట కొట్టాడంటే ఒక్క ఊపులో లేస్తుంది. కొవ్వొత్తి మంట కూడా వణకదు. మీ కోసం ఎనిమిది మందిని ఏరి పెట్టాను. కుర్చీతో సహా మిమ్మల్ని ఎత్తి వ్యాన్లో పెడతారు, రేవులో ఎత్తి దించుతారు. మీరు చెయ్యవలసిందల్లా నవ్వుతూ కూర్చోవడమే.

భవదీయుడు,
కసిమీరో లూకే

తా.క.: కుర్చీ బరువు రాశారు గానీ మీ బరువు రాయలేదు. ఆడవాళ్ళని బరువు అడగడం మర్యాద కాదని మా ఆవిడ కేకలేస్తోంది. “పిట్ట”, “మధ్యస్థం”, “నిండైన మనిషి”: వీటిలో ఒకటి రాయండి, మేం అర్థం చేసుకుంటాం.

గిహోన్, మార్చి 20

కసిమీరో గారికి,

మీ అభిమానానికి కృతజ్ఞురాలిని. కానీ నేను మరియమాతను కాను. నన్నెవరూ ఎత్తనక్కర్లేదు. నాకు ఎనిమిది మంది వద్దు, ఒక ర్యాంపు కావాలి. దయచేసి మళ్ళీ చదవండి: ర్యాంపు ఉందా, లేదా?

ఇట్లు,
ఒబ్దులియా కాసో

తా.క.: మధ్యస్థం. అయినా మీకెందుకు?

మాలగా, ఏప్రిల్ 12

శ్రీమతి ఒబ్దులియా గారికి,

పవిత్ర వారం హడావుడిలో జవాబు ఆలస్యమైంది, మన్నించాలి. ఎనిమిది మంది వద్దని రాశారు. మీ భయం నాకర్థమైంది. అందుకని పదహారు మందిని చేశాను.

రిహార్సలు కూడా అయిపోయింది. మా బావమరిదిని భోజనాల కుర్చీలో కూర్చోబెట్టి, ఒళ్ళో రెండు బస్తాల శనగలు పెట్టి, మా వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పాం. ఒక్క గింజ ఒలకలేదు. విమానాశ్రయం నుంచి రేవు దాకా భుజాల మీదే తీసుకెళ్దామని మావాళ్ళు ముచ్చటపడ్డారు గానీ, మా ఊరేగింపు నడకన పదకొండు గంటలు పడుతుందని తేలింది. ఓడ ఐదింటికన్నారు కదా, అందుకని మానుకున్నాం.

భవదీయుడు,
కసిమీరో

తా.క.: మీకు నెమ్మది పాటలిష్టమా, హుషారైనవా? బ్యాండు వాళ్ళు అడుగుతున్నారు.

గిహోన్, ఏప్రిల్ 18

కసిమీరో గారికి,

ఈసారి కాస్త వివరంగా రాస్తాను. మీరు కాస్త నెమ్మదిగా చదవండి.

వెన్నెముక ఆపరేషనై పదకొండేళ్ళయింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నన్ను మాత్రం అడక్కుండానే అందరూ ఎత్తుతున్నారు. మేనల్లుళ్ళు ఎత్తారు, హోటలు సర్వర్లు ఎత్తారు, ఒకసారి పెళ్ళిలో పాదిరీ గారు కూడా ఎత్తారు. మా అన్నయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు, మెట్టు కనపడితే చాలు చొక్కా చేతులు మడుస్తాడు. ఎత్తినప్పుడల్లా నాకు భయం, సిగ్గు. దించాక నవ్వి థాంక్స్ చెప్పాలి. నేను కోరని సాయానికి పదకొండేళ్ళుగా థాంక్స్ చెప్పి చెప్పి విసిగిపోయాను. ఈ ఒక్కసారి ఓడలోకి నా చక్రాల మీద, నా చేత్తో నడుపుకుంటూ ఎక్కాలని ఉంది. నేను కోరుకున్నది అంతే.

మీ దగ్గర ర్యాంపు లేకపోతే “లేదు” అని రాయండి. నేను ఇంకెవరినైనా వెతుక్కుంటాను, ఇంకా నాలుగు వారాలుంది.

ఇట్లు,
ఒబ్దులియా కాసో

తా.క.: మీ ఊళ్ళో “లేదు” అనే మాట వాడుకలో లేదా?

మాలగా, ఏప్రిల్ 25

ఒబ్దులియా గారికి,

లేదు.

ర్యాంపు లేదు, కొక్కేలు లేవు. మొదటి ఉత్తరానికే ఈ మాట రాయవలసింది. మా ఊళ్ళో అడిగిన మనిషికి “లేదు” అని చెబితే పరువు పోయినట్టే. అందుకే నోరు రాలేదు.

మీ ఉత్తరం సంఘంలో పైకి చదివాను. పదహారు మందీ తలలు దించుకున్నారు. బల్దొమేరో అని మావాడొకడు బీరు సరఫరా లారీ మీద పనిచేస్తాడు. వాడన్నాడు: “ఒరే కసిమీరో, మా లారీకి పీపాలు దొర్లించే వాలు పలక ఉందిరా. పీపాని ఎవడూ భుజాన ఎత్తడు, దానంతటది దర్జాగా దిగుతుంది. బీరు పీపాకిచ్చిన మర్యాద ఆ అమ్మకివ్వలేమా?” ఆ మాటకి నాకు కళ్ళంట నీళ్ళొచ్చాయి. మర్నాడే నా పెద్ద వ్యానుకి పలక బిగించడం మొదలుపెట్టాం. నేలకి కొక్కేలు వెల్డింగు చేయిస్తున్నాను. మీ కుర్చీ వెడల్పు రాయండి.

మీ సేవకుడు,
కసిమీరో

తా.క.: పదహారు మందీ చిన్నబుచ్చుకున్నారు. ఊరికే చూడటానికి రేవు దగ్గరికి రావచ్చా? చేతులు జేబుల్లో పెట్టుకుంటారు.

గిహోన్, మే 2

కసిమీరో గారికి,

అరవై ఆరు సెంటీమీటర్లు. రావచ్చు. జేబుల్లోంచి చేతులు తీస్తే మాత్రం ఊరుకోను.

సంతోషంతో,
ఒబ్దులియా

తా.క.: బ్యాండు వద్దు.

లిస్బన్ రేవు, మే 16

మిత్రులు కసిమీరో గారికి,

ఎక్కాను! అరగంటలో రేవు చేరుస్తానన్నారు, ఇరవై రెండు నిమిషాల్లో చేర్చారు. కుర్చీ అంగుళం కదల్లేదు. టెర్మినలు మెట్ల పక్కనున్న వాలు బాట మీద అడ్డంగా ఒక్క బండి కూడా లేదు. మన దేశంలో అలాంటి వింత నేనెక్కడా చూడలేదు. ఓడలోకి వెళ్ళే దారిలో నా చక్రాల చప్పుడు నాకే ఎంత ముద్దొచ్చిందో!

అన్నిటికంటే మీవాళ్ళు. ఈతచెట్ల ముందు భుజం భుజం ఆనించి, కదలకుండా, చేతులు జేబుల్లో పెట్టుకుని గౌరవ వందనంలా నిలబడ్డారే, అది నేనెప్పటికీ మరవను. వాళ్ళందరికీ నా థాంక్స్. ఇది మాత్రం మనసారా చెబుతున్నాను.

మీ ఒబ్దులియా

తా.క.: మా అన్నయ్య రేవుకొచ్చి నేను ఓడిపోవడం కళ్ళారా చూస్తానని శపథం చేశాడు. రానే లేదు. మాటలే గానీ చేతలు లేని మనిషి.

మాలగా, మే 18
(ఓడ తెనెరీఫే చేరేసరికి అందేలా)

ఒబ్దులియా గారికి,

మీ దగ్గర అబద్ధం చెప్పి నేను నిద్రపోలేను. అది గౌరవ వందనం కాదు, అడ్డుగోడ.

నేను మీ కోసం విమానాశ్రయానికి వెళ్ళాక రేవు దగ్గర జరిగిందంతా మా పెద్ద, ఫ్రాస్కితో, తర్వాత నాకు చెప్పాడు. ఒక చిన్న కారు వచ్చి సరిగ్గా ఆ వాలు బాటకి అడ్డంగా ఆగిందట. లోపల ఒక పెద్దమనిషి, చొక్కా చేతులు మడుచుకుని. మావాళ్ళు జరపమని మర్యాదగానే అడిగారు. “జరపను. మా చెల్లెలు సొంతంగా ఇక్కడిదాకా రావడం కల్ల. వచ్చినా చివరికి ఎత్తవలసింది నేనేగా!” అన్నాడట. నాలుగుసార్లు బతిమాలారు. అప్పటికి మీరు రావడానికి పది నిమిషాలు కూడా లేదు. ఫ్రాస్కితో జేబులోంచి గంట తీశాడు. మీ కుర్చీని ముట్టుకోబోమని మాటిచ్చాం గానీ, కార్ల సంగతి మీరేం రాయలేదు కదండీ.

గంట మోగింది. ఒక్క ఊపులో లేచింది, పెద్దమనిషితో సహా. తీసుకెళ్ళి రెండు ఈతచెట్ల మధ్య దించారు. చెట్లు అడ్డం, తలుపులు రెండువైపులా తెరుచుకోవు. మీరు ముందు నుంచి వెళ్తున్నంతసేపూ ఆయన మావాళ్ళ వెనకాలే ఉన్నాడు. హారను కొట్టడం కూడా మరిచిపోయాడు పాపం. తర్వాత వెనక డిక్కీలోంచి బయటికి తీశాం.

నాలుగు రోజులుగా మా ఇంట్లోనే ఉంటున్నాడు. నేను మీ ఏప్రిల్ ఉత్తరం చదవమని చేతికిచ్చాను. రెండుసార్లు చదివాడు, తర్వాత అన్నం ముట్టలేదు. మీరు తిరిగొచ్చే రోజు వ్యాన్లో తనూ వస్తానంటున్నాడు. వ్యాను మాట్లాడుకున్నది మీరు కనుక మిమ్మల్నే అడుగుతున్నాను. వద్దంటే వద్దనే చెబుతాను. ఇప్పుడు నాకా మాట వచ్చింది.

మీ కసిమీరో

తా.క.: కింది నాలుగు ముక్కలు ఆయన రాస్తానంటే కాగితం ఇచ్చాను.

చెల్లీ, వాళ్ళు నన్ను ఒక్క మాట అడక్కుండా ఎత్తేశారే. గాల్లో ఉన్నంతసేపూ గుండె నోట్లోకొచ్చింది. దించాక అందరూ నా వైపు చూసి నవ్వుతుంటే నేనూ నవ్వి థాంక్స్ చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలీదు. పదకొండేళ్ళు ఎలా ఊరుకున్నావే?
హెర్మీనియో